చిన్న గేటు లేని గేటు

ఫిబ్రవరి 11

మా అమ్మాయి తల్లి కాబోతోంది! తల్లి కాబోతోంది! ఒకే మాట రెండుసార్లు రాశానంటే రాశాను, ఇంకో పదిసార్లు రాస్తాను, ఎవరడుగుతారు? ఇదివరకు రెండుసార్లు కడుపు నిలవలేదు. అందుకే ఈసారి నాలుగో నెల వచ్చేదాకా మాక్కూడా చెప్పలేదు గడుగ్గాయి. ఫోన్ పెట్టేసి మా ఆవిడ ఏడ్చింది. నేను ఏడవలేదు. కళ్లద్దాలు తుడుచుకున్నాను, అంతే.

కుదుపులు తగలకూడదు, కంగారు పడకూడదు అందట డాక్టరమ్మ. అల్లుడిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. కాన్పు దాకా ఇక్కడే ఉంటుంది. రేపే దాని గదికి రంగు వేయించాలి.

ఫిబ్రవరి 27

అమ్మాయి వచ్చింది. ఇల్లు ఇల్లులా ఉంది. వీధి మాత్రం వీధిలా లేదు.

మాది మూసుకుపోయిన వీధి. ఇటు మెయిన్ రోడ్డు, అటు చివర కాలేజీ గోడ. సగం ఇళ్లలో మేం, సగం ఇళ్లలో అద్దెకున్న కాలేజీ కుర్రాళ్లు. ఎదురింట్లో నలుగురు. అందులో ఒకడు బైక్ సైలెన్సర్ పీకేశాడు. వాడు స్టార్ట్ చేస్తే మా వంటింట్లో గ్లాసులు మాట్లాడుకుంటాయి. వాడికి టపాకాయ అని పేరు పెట్టాను. తెల్లారి లేస్తే మా పిట్టగోడ మీద ఖాళీ సీసాలు, షాపులో సర్దినట్టు వరసగా. వీధి దీపం ఎప్పుడు పోయిందో దానికే గుర్తు లేదు. మున్సిపాలిటీ వాళ్లనడిగితే కరెంటోళ్లు అంటారు, కరెంటోళ్లనడిగితే మున్సిపాలిటీ అంటారు. వాళ్లిద్దరూ బంతాట ఆడుతున్నారు, బంతి మేము.

మార్చి 9

అక్షరాలు కుదరడం లేదు.

అమ్మాయి పాల బూత్ నుంచి వస్తోంది. టపాకాయ మలుపులో దూసుకొచ్చాడట. గోడకి అంటుకుపోయింది పిల్ల. పాల ప్యాకెట్ పగిలింది. ఇంకో జానెడు ఇటొస్తే? రాయను. రాయలేను.

ఎదురింటికెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు తల దించుకుని, సారీ తాతా అన్నాడు. నాకింకా మనవడే పుట్టలేదు, పుట్టనిచ్చేలా లేవు, అప్పుడే తాతేంట్రా అన్నాను. వెనక ఒకడు కిసుక్కున నవ్వాడు. చెప్పు తీద్దామనుకున్నాను.

మార్చి 10

కోపం అరగలేదు. అన్నం కూడా.

ఏప్రిల్ 2

కాలనీ మీటింగ్. సెక్రటరీగారు బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు మా మీద మేనేజరు. వీధి మొదట్లో గేటు పెట్టి, మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగింటి దాకా, మళ్లీ రాత్రంతా తాళం వేద్దామన్నాడు. నేను లేచి, గేటు నా చేత్తో చేస్తానన్నాను. జన్మంతా వెల్డింగ్ చేసినవాణ్ని, నా కూతురికి నేను చేయకపోతే ఎవరు చేస్తారు? చప్పట్లు కొట్టారు.

ఆ కుర్రాళ్లని కూడా పిలవాల్సింది కదా అంది మా ఆవిడ. తాళం కొనేటప్పుడు దొంగని సలహా అడుగుతామా అన్నాను. అమ్మాయి నవ్వింది. దాని నవ్వు చూసి ఇంకో నాలుగు ఊచలు ఎక్కువ వేద్దామనుకున్నాను.

ఏప్రిల్ 20

నిలబెట్టాం! ఏనుగు గుద్దినా చెక్కుచెదరదు. పైన బల్లేల్లాంటి మొనలు. ఊచల మధ్య చెయ్యి పట్టదు.

మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, చిన్న గేటేది అంది. నీ జన్మలో చిన్న గేటు లేకుండా పెద్ద గేటు చేశావా, మనుషులెలా వెళ్తారు అంది. చిన్న గేటుంటే అందులోంచే బైకు దూరుస్తారే పిచ్చిదానా అన్నాను. తాళంచెవి ఒక్కటే, సెక్రటరీగారి దగ్గర. రెండోది చేయిస్తే క్రమశిక్షణ పోతుందన్నాడు. నేనూ తలూపాను.

ఏప్రిల్ 28

మధ్యాహ్నాలు ఆ నలుగురూ బైకులు మెయిన్ రోడ్డు మీదే వదిలి, వెనక సందులోంచి వాళ్లింటి పెరటి తలుపున వస్తున్నారట. రానీ. నడిస్తే అరుగుతారా?

మే 30

నిశ్శబ్దం. అమ్మాయి మధ్యాహ్నం పూట కమ్మగా నిద్రపోతోంది. గేటు దగ్గరికెళ్లి ఒకసారి తట్టి వచ్చాను, ఆవుని తట్టినట్టు.

జూలై 6, సాయంత్రం, ఆసుపత్రి వరండా

లోపలికి తీసుకెళ్లారు. చేతులు ఊరుకోక రాస్తున్నాను.

భోజనాలయ్యాయి. అమ్మాయి గడప పట్టుకుని అమ్మా అంది. నేల తడిసింది. అంబులెన్స్ తొందరగానే వచ్చింది. వచ్చి గేటవతల ఆగింది. తాళం! సెక్రటరీకి ఫోన్ చేస్తే సినిమాలో ఉన్నాడట, తాళంచెవి జేబులోనే ఉందట, ఇంటర్వెల్ కాగానే వస్తాడట. ఇంటర్వెల్ దాకా ఆగమని నా కూతురికి చెప్పాలా? కటింగ్ మిషన్ తెచ్చి ప్లగ్ పెడితే కరెంటు లేదు. సుత్తితో కొట్టాను. నేను చేసిన గేటు నన్ను చూసి నవ్వింది. అంత గట్టిగా ఎందుకు చేశాన్రా దేవుడా!

ఆ చప్పుడికి టపాకాయ బయటికొచ్చాడు. ఒక్క చూపు చూశాడు. లోపలికి కేకేశాడు. నలుగురూ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అమ్మాయిని కూర్చోబెట్టి, కుర్చీకి తలో కాలూ పట్టి లేపారు. అక్కా భయపడకు, అక్కా మేమున్నాం అంటూనే ఉన్నారు. వాళ్లింట్లోంచి, విడిచిన బట్టల మీదుగా, పుస్తకాల మీదుగా, పెరటి తలుపు దాటి, సందులోంచి మెయిన్ రోడ్డుకి. కుదుపు లేదు. నిండు బిందె మోసినట్టు మోశారు.

రోడ్డంతా ట్రాఫిక్. టపాకాయ బైకెక్కి అంబులెన్స్ ముందు పడ్డాడు. ఆ పాడు చప్పుడుకి బస్సులు సైతం పక్కకి తప్పుకున్నాయి.

ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరికీ కష్టమయ్యేదని నర్సమ్మ అంది. ఆ మాట విన్నప్పటినుంచి ఎవరి పీక పట్టుకోవాలో తెలియడం లేదు. సెక్రటరీదా? నాదా?

జూలై 7

గేటు కోసేశాను. సెక్రటరీ పరిగెత్తుకొచ్చి కాలనీ ఆస్తి, తీర్మానం లేకుండా ముట్టుకోకూడదు అన్నాడు. సినిమా బాగుందా అనడిగాను. వచ్చిన దారినే పోయాడు. కోసిన ముక్కల్లోంచి రెండు మంచి ఊచలు తీసి పక్కన పెట్టాను, ఉయ్యాలకి.

తర్వాత ఎదురింటికెళ్లాను. దణ్ణం పెట్టబోతే నలుగురూ వెనక్కి గెంతారు. సరేనని తిట్టాను. సీసాలు నా గోడ మీద పెడితే కాళ్లు విరగ్గొడతానన్నాను. సైలెన్సర్ నేనే వెల్డ్ చేస్తాను, రేపు పొద్దున్నే బండి తీసుకురమ్మన్నాను. అలాగే తాతా అన్నాడు టపాకాయ. ఈసారి తాతేంట్రా అనలేదు నేను.

జూలై 8

గేటు గొడవలో నిన్న రాయనేలేదు, మొన్న రాత్రే పుట్టింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. చెప్పాల్సినవాళ్లు:

వియ్యంకుడు, వియ్యపురాలు.
మా అక్క. చెవులు వినపడవు, వెళ్లి అరవాలి.
మా బావమరిది. మాటల్లేవు మా మధ్య, అయినా సరే.
తోడల్లుడు.
చిన్నాన్నగారి పిల్లలందరూ.
మేనమామలు నలుగురు, ఎదురిల్లు. వీళ్లకి ముందు.