బయటోళ్లు చేసిన్రట

ఖాజా భాయ్,

హిందూ ముస్లింల లొల్లిల నీ దర్జీ దుకాణం కాలవెట్టిన్రు, లోపలున్న నువ్వు పోయినవ్. ఇయ్యాల్టికి ఏడాది. తాసిల్ ఆఫీసుల మళ్ల శాంతి కమిటీ మీటింగ్ పెట్టిన్రు. రెండు మతాల పెద్దమనుషులు పోయినసారి లెక్కనే చాయ్ తాగిన్రు, కౌగిలించుకున్నరు, ఫోటో దిగిన్రు. చేసిందెవరని ఎస్సై అడిగితే మా అన్న లేచి, "బయటోళ్లు, సాబ్" అన్నడు. అందరు తలలూపిన్రు. ఎస్సై పక్కన కూసున్న స్టేషన్ రైటర్ అదే రాసుకోబోయిండు.

నాకు ఒళ్లు మండింది. ఏడాది సంది ఇదే మాట. నీ దుకాణం వెనక తలుపుకు గొళ్లెం సరిగ్గ పడదని బయటోళ్లకెట్ల తెలుస్తది? పక్కన చాయ్ హోటల్ నడిపెటోన్ని, నాకు తెలుసు. ఆ తలుపు కాడికెల్లి ఉరికినోన్ని సుత చూసిన. చూసి నోరు మూసుకున్న, అది నా తప్పే.

"బయటోళ్లు కాదు సాబ్, మా అన్న కొడుకు. రాసుకోండ్రి" అన్న.

రైటర్ కలం ఆగింది. ఎస్సై "రాయి" అన్నడు.

బయటికొచ్చినంక అన్న నా చెయ్యి పట్టుకొని అడిగిండు. "ఖాజా ఎట్లాగు లేడు. ఎవరి కోసం చెప్పినవ్ రా?"

ఆయన తొడుక్కున్న అంగీ నువ్వు కుట్టిందే.