స్పిరిట్‌తో తుడిచిన మూతలు

ఆగస్టు 4, సోమవారం
మా ల్యాబ్ హెచ్.ఓ.డి. సార్ పిలిచాడు. "సుజాతమ్మా, ఆ పెద్ద ఫ్రీజర్ ఒక్కటే ఒక సంసారానికయ్యే కరెంటు తాగుతాండాది. మైనస్ ఎనభై యాల? డెబ్భైకి పెట్టు, సాలు. మంచు గీకు. సగం సగం ఉండే డబ్బాలన్నీ కలిపెయ్."
తలూపి వచ్చాను. తలూపడం ఒకటి బాగా వచ్చు నాకు. అందులో ఉన్నది ఈ ఎండాకాలం పుంగనూరు పల్లెల్లో నేనే గుచ్చి తీసిన రక్తం. కిడ్నీ పరీక్షకి కుప్పం ల్యాబ్‌కి పోవాల్సింది. మదనపల్లెలో, నా చేతిలో కరిగిందంటే... రాయడానికే భయంగా ఉంది.

ఆగస్టు 5
డెబ్భైకి పెట్టాను. గంటకోసారి పోయి చూస్తున్నా. అంకె కదల్లేదు. వెనక ఫిల్టర్ లాగితే దుమ్ము కంబళిలా ఊడొచ్చింది. అది దులిపాక మోటారు రొద తగ్గింది. పిచ్చిదాన్ని, ఊరికే హడలిపోయాను.

ఆగస్టు 6
డబ్బాలు కలిపాను. ఐదు మూడయ్యాయి. వేళ్లు కొంకర్లు పోయాయి. ఏ రక్తం గొట్టం డబ్బాలో ఏ గడిలోకి మారిందో రిజిస్టర్‌లో రేపు రాయొచ్చులే.

ఆగస్టు 7
రాయలేదు. ముందు మంచు పని పెట్టుకున్నా. తలుపు రబ్బరు చుట్టూ గడ్డ కట్టి ఉంది, గీకాను. మూడో డబ్బా తెరిస్తే మూతల మీద తెల్లగా మంచు, పేర్లే కనబడటం లేదు. దూది స్పిరిట్‌లో ముంచి తుడిచాను. రోజూ బల్లలు తుడిచే చెయ్యి కదా, అలవాటుగా పోయింది. ఒక వరసంతా తళతళ. అప్పుడు దూది చూశాను — నల్లగా ఉంది.
మార్కర్ సిరా. తొమ్మిది మూతలు. స్టిక్కర్లు చలికి ఊడిపోతాయని మా ల్యాబ్‌లో మూత మీదే రాస్తాం. గొట్టం ఒంటి మీద ఏమీ రాయం.
ఫ్రీజర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నా నాకు చెమటలు పట్టాయి.

అదే రోజు, మళ్లీ
మిగతావన్నీ రిజిస్టర్‌తో సరిచూశాను. తొమ్మిది పేర్లు మిగిలాయి. తొమ్మిది గొట్టాలు. ఏది ఎవరిదో నిన్న రాసుంటే తెలిసేది.

ఆగస్టు 8
అటెండర్ రెడ్డెప్పకి చెప్పాను, ఆయనొక్కడికే. "యాల ఏడస్తావమ్మా? వరసగా రాసెయ్. ఎవురు సూడొచ్చినారు?"
సార్ గది దాకా రెండుసార్లు పోయాను. నాది కాంట్రాక్టు ఉద్యోగం. తలుపు తట్టకుండానే తిరిగొచ్చాను.
మార్కర్ తీశాను. గంగులమ్మ. మునెప్ప... తొమ్మిదీ రాసేశాను, తోచినట్టు. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. నన్ను చూసి నాకే భయమేసింది.

ఆగస్టు 11
కుప్పం బండి వచ్చి పట్టుకుపోయింది. అక్కడి మేడం ఫోన్ — "ఎంత నీట్‌గా సర్దినారమ్మా!" థాంక్స్ మేడం అన్నాను. థాంక్స్!

ఆగస్టు 14
కరెంటు వాడకం తగ్గిందని సార్ స్టాఫ్ ముందు పొగిడాడు. చప్పట్లు.

ఆగస్టు 25
రిపోర్టులు వచ్చాయి. ఆ తొమ్మిదిలో ఎనిమిది బాగున్నాయి. ఒకటి బాలేదు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయని ఉంది. పేరు గంగులమ్మ. ఆ పేరు నేను పెట్టింది. ఆ తొమ్మిది మందిలో ఎవరో ఒకరికి జబ్బు, ఎవరికో నాకు తెలీదు. దేవుడా, ఏం పని చేశాను.

ఆగస్టు 26
ఆ తొమ్మిది మంది కాగితాలూ వాళ్ల పల్లెకు చేరాయంట. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నా.

ఆగస్టు 28, గురువారం
సెలవు పెట్టి పుంగనూరు పోయాను, అక్కడ్నుంచి ఆటోలో పల్లెకి. గంగులమ్మ గడపలో కూర్చుని ఉప్పు లేని సంగటి తింటోంది. "నాకేం నొప్పి లేదే తల్లీ. అయినా నీ కాగితం అబద్ధం సెప్పదు గదా." పొలానికి పోవడం మానేసిందంట. మొహం పీక్కుపోయింది, రెండు రోజులకే.
ఎదురింటి మునెప్ప నన్ను చూసి నవ్వుతూ వచ్చాడు. "నాకేం లేదంట గదమ్మా! కాళ్లు వాస్తాండాయని పెద్దాస్పత్రికి పోదామనుకొని ఉంటి, మానేసినా."
పాదాలు చూశాను. చెప్పు పట్టీ కండలోకి దిగబడి ఉంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.
"అప్పా, ఇంకోసారి రక్తం ఇస్తారా?"
"మళ్లీ యాలమ్మా?"
తప్పు నాది అనాలి. రెండే మాటలు. నేను నోరు తెరిచే లోపలే అరుగు మీద కూర్చుని, చొక్కా చెయ్యి మడిచి, చాచాడు. "నువ్వు తీస్తే నొప్పుండదులే."
తీశాను. గంగులమ్మకీ తీశాను. ఇంకా ఏడు ఇళ్లు... పోకుండానే వెనక్కి తిరిగాను.

తిరుగు బస్సులో రాస్తున్నా. ఐస్ డబ్బా ఒళ్లో ఉంది. ఇది కుప్పంలో ఇవ్వాలంటే ముందు మేడంకి నిజం చెప్పాలి. చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మునెప్ప...
ఇందాక మేడం నంబరు నొక్కాను. "సెప్పమ్మా సుజాతా" అంది. కట్ చేశాను.
ఇప్పుడు ఆమే చేస్తోంది. మోగుతోంది. పక్క సీటావిడ "ఎత్తమ్మా" అంటోంది.