తోలువార్లు

థార్న్‌హోప్, నార్తంబర్లాండ్
1886 నవంబరు 9, మంగళవారం

మాన్యులు పిమ్ గారికి,

ఎగ్నెస్ థార్లీ నమస్కారాలు. మీ నిఘంటువు పని చక్కగా సాగుతోందని తలుస్తాను. మీరు తొందరపెట్టిన ‘లారికేట్’ అనే మాటకు అర్థమూ మూలమూ రాసే చీటీ ఇంకా పూర్తి కాలేదు. మా వారు బల్ల మీదికి వంగలేకపోతున్నారు గనుక సంజాయిషీ నేను రాస్తున్నాను.

ఆ మాటకు కవచం తొడిగినవాడని అర్థమట. దాని మూలం మాత్రం ఇనుము కాదు, లాటిన్‌లో తోలువారు, అంటే తోలుపట్టీ. మొదట కవచాలు తోలువేననీ, ఇనుము తర్వాత వచ్చిందనీ రెండు వారాలుగా నా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నారు. పదిహేనేళ్లుగా మీకు చీటీలు రాస్తున్నా ఆయన పేరు అచ్చులో చూసుకోలేదు. ఈ మాటతోనైనా చూసుకోవాలని ఆశ.

శనివారం రోమన్ల గోడ పక్కన కాలువ తవ్వుతూ మా పనివాడు జోప్లింగ్ బురదలోంచి అలాంటి తోలు కవచమే తీసి మా ఇంటికి తెచ్చాడు. వార్లు ఇంకా తడిగా, మెత్తగా ఉన్నాయి. అన్నిటికీ ముడులు వేసే ఉన్నాయి గానీ లోపల ఎముక ముక్కైనా లేదు. తొడుక్కున్నవాడు విప్పుకోకుండా ఎలా పోయాడమ్మా అని అడిగి, టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆదివారం చర్చిలో ప్రసంగం ముగించి రాగానే మా వారు దాన్ని తొడుక్కున్నారు. ఊహించి అర్థం రాయకూడదన్నది మీ నియమమేనట. పాత ముడులు విప్పించి, మళ్లీ నాతోనే వేయించుకున్నారు. నేను ఎప్పుడూ వేసే రెండు చుట్ల ముడులే వేశాను. ఇప్పుడు విప్పుతానంటే ఒప్పుకోరు.

“చీటీ అయ్యేదాకా ఉండనీ ఎగ్నెస్. ఇప్పుడిప్పుడే తెలుస్తోంది” అంటారు.

నిద్రా అందులోనే, జావ తాగడమూ అందులోనే. ఒళ్లు చల్లబడుతోందంటే కుర్చీని మంట దగ్గరికి జరిపాను. గొంతు సన్నగా వస్తోంది, జలుబు చేసినట్టుంది. నాకు కోపమూ వస్తోంది, భయమూ వేస్తోంది. రేపటి టపాలో చీటీతో పాటు దీన్ని పంపుతాను.

విధేయురాలు,
ఎగ్నెస్ థార్లీ

తా.క. శుక్రవారం. ఉత్తరం ఇంట్లోనే ఉండిపోయింది. మా వారు బుధవారం తెల్లవారుతుండగా కుర్చీలోనే పోయారు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. కత్తితో వార్లు కోసిన జోప్లింగ్ మాత్రం నా వైపు చూడకుండా, “తడితోలు మంట దగ్గర పెడితే బిగుసుకుపోతుంది కదమ్మా” అన్నాడు. నాకు తెలియదు. కుర్చీ జరిపింది నేనే.

చీటీ జతచేశాను. మూలం పూర్తిగా రాశారు. అర్థం దగ్గర ‘బిగువు’ అని ఒక్క మాటే ఉంది. దయచేసి ఆయన పేరు వేయండి.

నిన్న సమాధి చేసి వచ్చాం. ఇవాళ పొద్దున చూస్తే, బయట పడేసిన కవచం ఆయన కుర్చీలో ఉంది. కోసిన వార్లన్నిటికీ మళ్లీ ముడులు వేసి ఉన్నాయి. అన్నీ రెండు చుట్లవే.