కెప్టెన్ టోపీలో అజుకి

సెతోదా,
అక్టోబరు 5

అక్క కినుయోకి తమ్ముడు తెత్సుజో వంగి నమస్కరించి తెలియజేసే సంగతులు:

ఇక్కడ నేను క్షేమం. నీ పిల్లి అజుకి కూడా క్షేమం. నీ మోకాలి ఆపరేషను బాగా జరిగిందని ఆసుపత్రి నుంచి కార్డు వచ్చింది. కొత్త మోకాలు కదా, పాతదానిలా మొండికెయ్యకుండా మొదటి రోజు నుంచే అదుపులో పెట్టుకో.

నిన్న ఒనోమిచి బోటులో అజుకి బుట్ట దిగింది. బుట్ట నా చేతికిస్తూ బోటు మనిషి, "కెప్టెన్ గారూ, దారి పొడుగునా ఒకటే అరుపు. జనం ఇంజను పాడైందనుకున్నారు" అన్నాడు. నేను నవ్వేశాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ నీళ్ళ మీద బోటు నడిపాను. తప్పతాగి ఎక్కిన పెళ్ళివారిని ఒక్క చూపుతో కూర్చోబెట్టాను. నాలుగు కిలోల పిల్లి నాకు లెక్కా?

ఆరింటికి లేవడం. ఏడింటికి తిండి. ఎనిమిది నుంచి పది దాకా నేను నల్లరాళ్ళూ తెల్లరాళ్ళూ పేర్చి గో ఆట ఆడుకునే వేళ, చప్పుడు చెయ్యకూడదు. ఈ నియమాలన్నీ రాసి ఫ్రిజ్జు మీద అంటించాను. నువ్వు కోలుకునేసరికి అజుకి తాళ్ళు ముడెయ్యడం కూడా నేర్చుకుంటుంది.

ఫోను మాత్రం చెయ్యకు. ఇంజను పక్కన అరిగిపోయిన చెవులు నావి. పోయినసారి నువ్వు "మోకాలు" అంటే నాకు "మేకలు" అని వినబడి, ఆసుపత్రిలో మేకలేమిటని అరగంట వాదించాను. చూడ్డానికి రమ్మని కూడా అడగకు. నేను నడిపిన బోటులో టికెట్టు కొనుక్కుని వెనక బెంచీ మీద కూర్చోవడం నా వల్ల కాదు.

ఇట్లు,
తెత్సుజో

తా.క. అజుకి నిన్నటి నుంచి ఫ్రిజ్జు వెనకే ఉంది. నియమాలు ముందువైపు ఉన్నాయి కాబట్టి దానికి కనబడవని ఇంకో కాపీ రాసి వెనక్కి తోశాను.


ఒనోమిచి, ఆసుపత్రి,
అక్టోబరు 9

తమ్ముడు తెత్సుజోకి అక్క దీవెనలు.

పిల్లికి నియమాలు రాసిచ్చిన మనిషిని నిన్నొక్కణ్ణే చూశానురా. ఐదేళ్ళుగా అజుకి నా ఇంట్లో ఉంది. ఒక్క కాగితం తలుపు చిరగలేదు, ఒక్క గిన్నె దొర్లలేదు. పద్ధతి తెలిసుండాలి. చెప్తాను, విను.

పేరు పెట్టి పిలవకు. వెంటపడకు. కళ్ళల్లోకి గుచ్చి చూడకు. చూపు కలిస్తే మాత్రం రెండు కళ్ళూ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా మూసి తెరువు. నా వల్ల నీకే భయమూ లేదని దాని అర్థం. అవతలివైపు నుంచి కూడా అలాగే మూసి తెరిచారంటే సగం పని అయిపోయినట్టే.

నీ అక్క,
కినుయో

తా.క. ఇక్కడ నన్ను నడిపించే అమ్మాయి "పది అడుగులు వెయ్యండి" అంటే పదకొండు వేశాను. "ఎందుకండీ?" అంది. మా వంశమే అంత అన్నాను.


సెతోదా,
అక్టోబరు 14

అక్కకు నమస్కారాలు.

అజుకి ఫ్రిజ్జు వెనక నుంచి బయటికొచ్చింది. అంటే నా నియమాలు చదివిందన్నమాట.

ఇక మిగిలినవి చిన్న చిన్న సంగతులు. తోటవైపు కాగితం తలుపుల్లో పదకొండు గళ్ళు చించింది. నేను కొత్త కాగితం అతికించాను. జిగురు ఆరేదాకా పక్కనే ఓపిగ్గా కూర్చుని, ఆరగానే అవే పదకొండు గళ్ళలోంచి దూరి వెళ్ళింది. రోజూ సరిగ్గా ఎనిమిదింటికి గో బల్ల ఎక్కి మధ్యలో కూర్చుంటుంది. ఒక్కొక్క రాయినే పంజాతో కిందికి నెడుతుంది. అవి కూడా తెల్లరాళ్ళే. రెండువైపులా నేనే ఆడుకున్నా నల్లవాటినే నావనుకుంటాను కాబట్టి, వరసగా ఆరు ఆటలు గెలిచాను.

ఒక్కటే ఇబ్బంది. దగ్గరికి వెళ్తే చీలమండ కరుస్తుంది. వెళ్ళకపోతే నా గది గడప దగ్గర నిలబడి చూస్తూ ఉంటుంది. లోపలికి రాదు, బయటికి పోదు. ఏం చెయ్యమంటావు?

ఇట్లు,
తెత్సుజో

తా.క. కళ్ళు మూసి తెరవడం అద్దంలో సాధన చేస్తున్నాను. రెండుసార్లు నిద్ర పట్టేసింది.


సెతోదా,
అక్టోబరు 17

అక్కకు.

నీ జవాబు రాకముందే ఇంకో సంగతి వచ్చిపడింది. మా పక్కింటి సెరా తొమియె గారు నీకు గుర్తుండే ఉంటుంది. టోఫు కొట్టు ఆవిడ, భర్త పోయి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో ఆవిడ నాతో అన్నది ఒక్కటే మాట: "కెప్టెన్ గారూ, చెత్త బండి ఇవాళ కాదు, రేపు."

మొన్న అజుకి ప్రహరీ గోడ మీద కూర్చుంది. ఇదే సమయమని నెమ్మదిగా కళ్ళు మూసి తెరిచాను. ఒకసారి కాదు, మూడుసార్లు. అవతలి నుంచి కూడా మూసి తెరిచినట్టు కనిపించింది. పొంగిపోయి కళ్ళజోడు పెట్టుకుని చూస్తే గోడ మీద పిల్లి లేదు. అవతల సెరా గారి మొహం ఉంది.

నిన్న వేయించిన టోఫు వచ్చింది. "వేడిగా ఉన్నప్పుడే తినండి" అంది. ఇవాళ ఆవిడే గడప దాకా వచ్చి నిలబడింది. లోపలికి రాదు, వెళ్ళిపోదు. అరవై ఎనిమిదేళ్ళ బ్రహ్మచారిని, నాకేం తెలుసు? ఏం చెయ్యాలో వెంటనే రాయి.

తెత్సుజో

తా.క. ఇది పిల్లి గురించి కాదు.


ఒనోమిచి, ఆసుపత్రి,
అక్టోబరు 18

తమ్ముడికి దీవెనలు.

నీ పద్నాలుగో తేదీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. గాభరా పడకు. గడప దగ్గర నిలబడటం చాలా మంచి గుర్తు.

తలుపు తెరిచే ఉంచు, కానీ రమ్మని పిలవకు. వీపు తిప్పి కూర్చుని నీ పని నువ్వు చేసుకో. కాల్చిన చేప ముక్క ఒకటి పక్కన పెట్టి, నోరెత్తకుండా జరిగిపో. తింటున్నంతసేపూ అటు చూడకు. దగ్గరికొచ్చి వాసన చూస్తే కదలకు. ఇక చనువు కుదిరిందని నమ్మకం చిక్కాక, మెల్లిగా గడ్డం కింద గోకు. పొట్ట జోలికి మాత్రం వెళ్ళకు, చెయ్యి దక్కదు.

నీ అక్క,
కినుయో

తా.క. కరిస్తే "అబ్బా!" అని గట్టిగా అరిచి గదిలోంచి వెళ్ళిపో. రెండోసారి కరవదు.


సెతోదా,
అక్టోబరు 26

అక్కకు వేయి నమస్కారాలు.

రాసిన రెండు రోజులకే నీ జవాబు అందింది. నా ఉత్తరం తేదీ ఒక్కటే పదిహేడుకు బదులు పొరబాటున పద్నాలుగని వేశావు. మనుషుల సంగతి నీకింత తెలుసని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. అక్షరం పొల్లుపోకుండా పాటించాను.

సెరా గారు వచ్చేసరికి తలుపు తెరిచి ఉంది. నేను వీపు తిప్పి కూర్చున్నాను. "కెప్టెన్ గారూ, ఒంట్లో బాగాలేదా?" అంది. నేను పలకలేదు. చేప ముక్క ఆవిడ పక్కన పెట్టి జరిగిపోయాను. ఆవిడ కూర్చుని తినడం మొదలుపెట్టింది. "ఉప్పు తగ్గిందండీ" అంది. నేను అటు చూడలేదు. ఆ తర్వాత ఆవిడ దగ్గరికొచ్చి వాసన చూసింది! నేను కదల్లేదు.

"కెప్టెన్ గారూ, ఏమీ అనుకోకండి, కంపు కొడుతోంది."

అప్పుడు కదిలాను. చూస్తే నా తెల్ల టోపీ. అజుకి అందులో పని కానిచ్చింది. నవంబరు మూడున రేవులో పాత కెప్టెన్లకు సన్మానం, అందరం టోపీలతో నడవాలి.

"అజుకి దొడ్డికెళ్ళే మట్టి తొట్టె ఎక్కడ పెట్టారు?" అని అడిగింది.

"ఇంజను గదిలో. అంటే బట్టలుతికే మిషను పక్కన."

"అది గిరగిరా తిరుగుతుంటే నేలంతా వణుకుతుంది కదండీ! మీరైతే అక్కడ కూర్చోగలరా?"

తొట్టెను తనే తీసుకెళ్ళి మెట్ల కింద మూలన పెట్టింది. గోళ్ళు గీరుకోవడానికి పాత తతామి చాప ముక్కను గుంజకు కొట్టింది. ఆ ముక్క మీద చల్లమని మతతాబి పొడి ఒక పొట్లం ఇచ్చింది. దాని వాసనకు పిల్లులకు మత్తెక్కుతుందట.

ఇట్లు,
తెత్సుజో

తా.క. గడ్డం కింద గోకడం ఇంకా మొదలుపెట్టలేదు. మంచి రోజు చూసి నువ్వే చెప్పు.


ఒనోమిచి, ఆసుపత్రి,
అక్టోబరు 29

ఒరేయ్ తెత్సూ!

దీవెనలూ లేవు ఏమీ లేవు. నేను రాసింది పిల్లి గురించిరా! నీ పదిహేడో తేదీ ఉత్తరం నా ఉత్తరం పోస్టులో పడ్డాక వచ్చింది. ఇంటికొచ్చిన ఆడమనిషికి వీపు చూపించి, మూగగా చేప ముక్క తోశావా? ఎవరి గడ్డమూ గోకకు! ఇప్పుడే వెళ్ళి, ఎదురుగా నిలబడి, నోరు తెరిచి, జరిగింది జరిగినట్టు చెప్పి క్షమించమని అడుగు.

టోపీని వెనిగరు నీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరెయ్యి.

కినుయో

తా.క. ఆవిడ ఆ చేపంతా తిందా? ఊరికే అడుగుతున్నా.


సెతోదా,
నవంబరు 7

అక్కకు నమస్కారాలు.

చేపంతా తింది. ముల్లు కూడా నీటుగా తీసి పెట్టింది.

కొట్టుకు వెళ్ళి నీ ఉత్తరాలు మూడూ ఆవిడ చేతిలో పెట్టాను. చదివి, గల్లాబల్ల పట్టుకుని కూలబడి నవ్వింది. "అయ్యో కెప్టెన్ గారూ, మీకు మెడ పట్టేసిందనుకున్నానండీ! ఆ రోజు నా కంట్లో సోయా పిండి పడింది, అందుకే కళ్ళార్పాను." నేను తల వంచుకుని వచ్చేస్తుంటే వెనక నుంచి, "రేపు చేపలో ఇంకాస్త ఉప్పెయ్యండి" అని కేకేసింది. అంత గట్టిగా అరిచింది కాబట్టే నాకు వినబడింది. వీధంతా కూడా వింది.

ఇక సన్మానం. టోపీ ఉతికాను, మల్లెపువ్వులా అయింది. అయితే మతతాబి పొట్లం అజుకికి దొరక్కుండా బీరువా పైన ఆ టోపీలోనే దాచిన సంగతి మర్చిపోయాను. పొట్లం ఊడి పొడంతా టోపీ లోపల పరుచుకుంది. చూసుకోకుండా పెట్టుకున్నాను. రేవులో బాజాలు మోగాయి, పదిమంది కెప్టెన్లం నడిచాం. తొమ్మిదిమంది వెనక ఎవరూ లేరు. నా వెనక పద్నాలుగు రేవు పిల్లులు. ఒకటి నా భుజమెక్కి టోపీ నాకడం మొదలుపెట్టింది. నేను ఆగలేదు, తల తిప్పలేదు, సెల్యూటు దించలేదు. ఇది కార్యక్రమంలో భాగమేననుకుని జనం అందరికన్నా నాకే ఎక్కువ చప్పట్లు కొట్టారు. వచ్చే ఏడు కూడా పిల్లులతోనే రమ్మన్నారు.

తొట్టె మూలకు మారాక అజుకి ఇంకెక్కడా తప్పు చెయ్యలేదు. తలుపులు మానేసి చాప ముక్క గీరుకుంటోంది. నిన్న మధ్యాహ్నం వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. గంటన్నర నేను కాలు కదపలేదు. తిమ్మిరెక్కింది, టీ చల్లారిపోయింది, తలుపు తట్టినా లేవలేదు. ఇదంతా క్రమశిక్షణ ఫలితం.

అయినా శిక్షణ పూర్తి కాలేదు. వసంతం దాకా పట్టొచ్చు. ఆ తర్వాత కూడా పట్టొచ్చు. బోటు ప్రయాణం దానికి పడదు కూడా. ఇంటికి చేరాక దాని కోసం తొందరపడకు.

ఇట్లు,
తెత్సుజో

తా.క. గో బల్ల దానికే వదిలేశాను. నేను వంటింటి బల్ల మీద ఆడుకుంటున్నాను. ఇది ఓటమి కాదు, స్థలం మార్పు.


ఒనోమిచి, మన ఇల్లు,
నవంబరు 18

తమ్ముడు తెత్సుజోకి,

దీవెనలు తర్వాత. ముందు నిజం చెప్పనీ.

అజుకిని నేను ఒక్కరోజు కూడా దారిలో పెట్టలేకపోయానురా. మా కాగితం తలుపులు చిరగలేదన్న మాట నిజమే. అది వచ్చిన రెండో నెలకే అన్నీ పీకించి అద్దాలు పెట్టించాను. గిన్నెలు దొర్లలేదు, ఎందుకంటే అన్నీ బీరువాలో తాళం వేసి ఉన్నాయి. మోకాలు వచ్చే వేసవి దాకా ఆగొచ్చన్నాడు డాక్టరు. "కుదరదు, ఇప్పుడే కొయ్యండి" అన్నాను. ఎవరూ నా మొహం మీద కూర్చోకుండా ఆరు వారాలు పడుకోవచ్చని.

మరి ఆ సలహాలంటావా? అవి పక్క మంచం కొకుబు గారివి. నీ ఉత్తరాలు చదివి వినిపిస్తే ఆవిడ పడుకునే చెప్పేది, నేను రాసేదాన్ని. మొన్న సెలవు తీసుకుంటూ, "మీరెన్ని పిల్లుల్ని పెంచారండీ?" అని అడిగాను.

"పిల్లులా! వాటి బొచ్చు తగిలితే నాకు ఒళ్ళంతా దద్దుర్లు. మా ముగ్గురు అల్లుళ్ళనీ అలాగే మచ్చిక చేసుకున్నాను" అంది.

అందుకే అవి పిల్లి దగ్గర పారలేదు, పక్కింట్లో పారాయి. గడ్డం గోకడం ఒక్కటి నేను సొంతంగా చేర్చాను, దానికి కొకుబు గారి బాధ్యత లేదు.

నిన్న పొద్దున నా ఇంట్లో, నా పరుపు మీద పది దాకా పడుకున్నాను. ఎవరూ లేపలేదు. లేచాక, ఎందుకు లేచానో తెలియలేదు. గిన్నె ఒకటి బీరువాలోంచి తీసి బల్ల అంచున పెట్టి చూశాను. అది అక్కడే ఉంది. కాసేపటికి నేనే దాన్ని తీసి లోపల పెట్టేశాను.

నీ ఒళ్ళో గంటన్నర కూర్చుందని రాశావు. ఐదేళ్ళలో నా ఒళ్ళో ఒక్కసారి కూర్చోలేదు. చదివి కుళ్ళుకున్నాను, దాచుకోను. అయినా అది నీ దగ్గరే ఉండనీ. వసంతం దాకా అనీ, శిక్షణ అనీ వంకలు చెప్పకు. నీకు కావాలి, అంతే కదా! ఆదివారం ఆదివారం నేనే వచ్చి చూసి వెళ్తాను. కొత్త మోకాలికి బోటు మెట్లు ఒక లెక్క కాదు. నాకు టికెట్టు కొనడానికి సిగ్గూ లేదు.

ఇక దీవెనలు.

నీ అక్క,
కినుయో

తా.క. ఈ ఆదివారం పదకొండు గంటల బోటుకు వస్తున్నాను. రేవులో నువ్వొక్కడివే నిలబడి కనిపించావో, దిగకుండా అదే బోటులో వెనక్కి వెళ్ళిపోతాను. ఇది కూడా పిల్లి గురించి కాదు.