బరకం కప్పే ఆట

వినుకొండ

ప్రియమైన చైతన్యా,

పార్సిల్లో ఉన్నది నేను రాసిన గేమ్. చిన్నప్పుడు మా నాన్న షాపులో ఆడుకున్న పాత టీవీ గేమ్ పెట్టె నీ దగ్గరుందిగా, ఈ క్యాసెట్ దాన్లోనే పనిచేస్తుంది. కుర్రాడు మిర్చి కుక్కిన గోనె టిక్కీల మీద దూకుతూ, గుంతలు దాటుతూ, కళ్లం చివరికి పోయి ఆరబోసిన కాయల మీద బరకం పట్టా కప్పాలి. వెనక నుంచి మబ్బు తరుముకొస్తుంది. ఊరికే నిలబడితే వాన పడి ఆట అయిపోతుంది. టీవీ రిపేర్లు లేనప్పుడల్లా దీని మీదే కూర్చున్నాను. షాపుకొచ్చేవాళ్లు నాకు పిచ్చి పట్టిందనుకుంటున్నారు.

ఆడి చెప్పాల్సింది నువ్వే. నువ్వు దూకే ముందు ఊపిరి బిగబడితే షాపంతా నీతోపాటు బిగబట్టేది. ఇంతకీ గుంటూరు డాక్టరు నీ చేతుల గురించి ఏమన్నాడు? ఫోన్లో అడిగితే "బాగానే ఉందిరా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను.

నీ మాలిక్

*

పర్చూరు

ఒరేయ్ మాలిక్,

నరాల జబ్బట. ముందు చేతులు, తర్వాత కాళ్లు, ఆ తర్వాత మాట. డాక్టరు ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. నాకు తెలుగులో రెండు ముక్కలే అర్థమయ్యాయి: మందు లేదు.

గేమ్ అదిరింది. కానీ మూడో గుంత దాటలేకపోతున్నాను. బొటనవేలు నా మాట వినడం లేదు. సేద్యం చేయలేక పొలం కౌలుకిచ్చినప్పుడు కూడా రాని ఏడుపు ఆ గుంత దగ్గర వచ్చింది. చేతులు పూర్తిగా పోకముందే ఒక్కసారి ఆ బరకం కప్పాలిరా.

నీ చైతన్య

*

వినుకొండ

ప్రియమైన చైతన్యా,

ఏం రాయాలో తెలియక చాలా కాగితాలు చించాను. నా దగ్గరున్న ఇంకో రిమోట్‌కి బటన్ల కింద రబ్బరు మార్చి పంపుతున్నాను, ఇక మెత్తగా నొక్కుకుంటాయి. క్యాసెట్ కూడా కొత్తది పంపుతున్నాను. ఆటలో మాత్రం ఏమీ మార్చలేదు.

నీ మాలిక్

*

పర్చూరు

అబద్ధాలకోరు మాలిక్‌కి,

గుంతలు పూడ్చావు. ఎంత దూరం దూకుతున్నానో నాకు తెలియదనుకున్నావా? బరకం కప్పాను. మొగుడు గెలిచాడని భవ్య చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఇసుమంత సంతోషం లేదు. గుంతలు మళ్లీ ఎప్పట్లా తవ్వు. మబ్బు జోలికి అసలు పోకు. వాన భయం లేని కళ్లం ఎక్కడుందిరా?

చైతన్య

*

పర్చూరు, వానలు మొదలయ్యాక

ప్రియమైన మాలిక్,

రాత భవ్యది, మాట నాది. ఇప్పుడు రిమోట్ కూడా తనదే. నేను "ఊ" అంటాను, తను నొక్కుతుంది. ఈలోపే కుర్రాడు నువ్వు మళ్లీ తవ్వి పంపిన గుంతలో పడిపోతున్నాడు. తన తప్పేం లేదు.

ఆ రోజు నీ దగ్గర బీరాలు పలికాను. ఇప్పుడు అడుగుతున్నాను, ఆ మబ్బు తీసెయ్. ఏమీ నొక్కకపోయినా కుర్రాడు ఆ టిక్కీ మీద నిలబడి ఉండాలి. చూస్తూ కూర్చుంటాను.

నీ చైతన్య

అన్నయ్యా, ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఆయనకి పొద్దున్నుంచి పట్టింది. మాట ముద్దగా వస్తోంది. నేను మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కుని అటు తిరిగి పడుకుంటున్నారు. ఏం చేయాలో నాకు తోచడం లేదు. - భవ్య

*

వినుకొండ

ప్రియమైన చైతన్యా,

మబ్బు తీయడం నా వల్ల కాలేదు. క్యాసెట్లో చోటు చాలక మబ్బుకీ కుర్రాడికీ కదలడానికి ఒకటే గడియారం పెట్టాను. మబ్బును ఆపితే వాడూ ఆగిపోతున్నాడు, కన్ను కూడా ఆర్పడం లేదు. అలాంటివాణ్ణి నీకెలా పంపను? ఇంకో గడియారం పెడదామంటే, ప్రోగ్రాంలో ఎక్కడ కోసినా మరొకటి ఊడుతోంది. ఊళ్లో సగం టీవీలు బాగుచేసినవాణ్ణి, నేను రాసిన మబ్బునే తీయలేక షట్టరు దించుకుని ఏడ్చాను.

గుంతలు అలాగే ఉంచాను. శుక్రవారం నమాజు అయ్యాక బస్సెక్కుతున్నాను. నువ్వు "ఊ" అనక్కర్లేదు. నీ పక్కన కూర్చుని అన్నిసార్లు ఓడినవాణ్ణి, నువ్వెప్పుడు దూకుతావో నాకు తెలుసు. నువ్వు ఊపిరి బిగబట్టు, నేను నొక్కుతాను.

వాన ఎలాగూ వస్తుంది. కప్పగలిగినంత కప్పుదాం. గుంతలో పడేస్తే తిట్టు. మాట ఎంత ముద్దగా వచ్చినా నీ తిట్లు నాకు అర్థమవుతాయి.

నీ మాలిక్