క్లచ్ మీద రెండు వేళ్లు

అన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. వేలూరులో కొత్త బైకుల షోరూములు వచ్చాక, నా రిపేరు షెడ్డుకు పాత స్కూటర్లవాళ్లే వస్తున్నారు. పోయిన వారం గుడియాత్తం నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. నీలాగే అడిగాడు. “సిమెంటు మూట పెట్టుకుంటే ఆలంగాయం మిట్ట ఎక్కడం లేదు నాయనా. బోరు పెంచియ్యి.”

వద్దన్నాను. కానీ నేను కాదంటే ఇంకొకరు చేస్తారు. నీ బండికి చేసినట్టే సిలిండర్ లోపల తొలిచి వెడల్పు చేసి పెద్ద పిస్టన్ వేశాను.

నువ్వు తిరుపత్తూరు పనికి బయలుదేరిన రోజు, బండి లాగుడు చూసి ఎంత మురిసిపోయానో! దారిలో ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి నిన్ను విసిరేసింది. అందరూ రోడ్డును తిట్టారు. వదిన నన్నొక్క మాట అనలేదు.

ఈ రోజు మేస్త్రీ బండెక్కాక హ్యాండిల్ పట్టుకొని ఆపాను. “క్లచ్ మీద రెండు వేళ్లు పెట్టుకొనే పో అప్పా. ఇంజన్ పట్టేస్తే వెంటనే నొక్కు, చక్రం వదిలేస్తాది. విరించిపురంలో ఆపి చల్లారనీ.”

“ఏమప్పా, చిన్నబిడ్డకు చెప్పినట్టు చెప్తా ఉండావే!” అని నవ్వాడు.

నీకు చెప్పి ఉంటే నువ్వూ అలాగే నవ్వేవాడివి. నవ్వుతూనే వేళ్లు పెట్టుకొని వెళ్లేవాడివి.