బొంగరం కింది ఇంటి కుక్కే

మే 10, 1999

నా పేరు ఎల్లమ్మ. వయసు డెబ్బై దాటింది — ఎంత దాటిందో అడగొద్దు, నేను పుట్టినప్పుడు రాసిపెట్టినవాళ్లు లేరు. ఊరు మాదాపూర్. ఇల్లు నాది. కింది వాటాలో నేను, ఆటో నడిపే కొడుకు నర్సింహ, కోడలు సుజాత. నేను చెబుతుంటే రాస్తున్నది సుజాతే. పై వాటాలో కిరాయికి అనంతపురం వాళ్లు — ప్రసాదు, అతని భార్య వైదేహి. ఇద్దరూ పొద్దున్నే కంప్యూటర్ ఆఫీసులకు పోతారు. వాళ్లు వచ్చేదాకా వాళ్ల కుక్క నా దగ్గర. పైన దాని పేరు బ్రూనో. కింద బొంగరం.

వచ్చే నెల మణికొండకు ఇల్లు మారతారట. కుక్కనూ తీసుకుపోతారట. పోనివ్వను. కాలనీ సెక్రటరీ ఇద్దరి మాటా వింటానన్నాడు. కోపం వస్తే నాకు సగం మాటలు గొంతులోనే ఉండిపోతాయి. అందుకే ముందుగా రాయించి పెట్టుకుంటున్నాను.

మే 11

కుక్క ఎటువంటిదో ముందు చెప్పాలి. తల్లి బోరబండలో వైదేహి స్నేహితురాలు పెంచుకున్న పామరేనియన్. తండ్రి ఆ గల్లీ కుక్క. తల్లి బొచ్చు వచ్చింది, తండ్రి ఆకలి వచ్చింది. పొట్టి కాళ్లు. ఒక చెవి నిలబడుతుంది, ఒకటి వాలుతుంది. పడుకునే ముందు ఒకేచోట తిరిగి, తిరిగి, తిరిగి... అందుకే బొంగరం.

ఆటోను చూసి మొరగదు. హెల్మెట్‌ను చూసి మొరుగుతుంది. సాయంత్రం ప్రసాదు స్కూటర్ దిగి, నెత్తి మీది హెల్మెట్ తీసేదాకా సొంత యజమాని మీదే అరుస్తుంది.

'యజమాని' అని రాయొద్దన్నాను. సుజాత అప్పటికే రాసేసింది.

మే 13

కొత్త బిల్డింగు కోసం మళ్లీ బండలు పేలుస్తున్నారు. పేల్చే ముందు ఊదే విజిల్ నాకు వినపడకముందే బొంగరం నా మంచం కింద. చప్పుడు ఆగాక బయటికి వచ్చి నా పాదం మీద గడ్డం ఆనిస్తుంది. ఒళ్లంతా వణుకు. అది తగ్గేదాకా నేను కాలు కదపను.

మణికొండలో బండలు లేవా? అక్కడ పేలినప్పుడు ఎవరి మంచం కింద దూరాలి? పగలు ఆ ఇంట్లో మనిషే ఉండడు. సెక్రటరీకి ముందు చెప్పాల్సిన మాట ఇదే.

మే 15

వెన్ను మీద వెంట్రుకలు ఊడుతున్నాయి. కింద ఎర్రగా పుండు. వాసన. ఎందుకో నాకు తెలుసు. వైదేహి పొద్దున్నే దేవుడికి దీపం పెడుతుంది. అంతకు ముందే కుక్కకు స్నానం చేయించాలి, లేకపోతే గడప దాటనివ్వదు. రోజూ తన షాంపూతోనే. పైనుంచి పౌడరు కూడా. మా పుట్టింట్లో గొర్రెలుండేవి. బొచ్చులో తడి నిలిస్తే తోలు ఏమవుతుందో చిన్నప్పుడే చూశాను.

మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి అడిగాను.

"దినాం తానం పోస్తే దాని బూరు ఎప్పుడు ఆరాలె బిడ్డా?"

"ఇంట్లో పూజ ఉండాది అవ్వా. కడగకుండా ఎట్లా రానిస్తాం? నువ్వు కోడికూర పెడతాండావు, అందుకే దానికి వేడి చేసింది."

వేడి చేసింది నాకు, కుక్కకు కాదు.

మే 16

వేపనూనెలో పసుపు కలిపి పుండు మీద రాశాను. పైన కడిగేశారు. మళ్లీ రాశాను. మళ్లీ కడిగేశారు.

మే 19

పుండు పెద్దదైంది. రాత్రి గోక్కున్న చోట నెత్తురు. వైదేహి సెలవు పెట్టింది. నర్సింహ ఆటోలో పశువుల దవాఖానకు పోయాం — ఆమె అటు, నేను ఇటు, మధ్యలో బొంగరం.

డాక్టరు బొచ్చు పాయలు పాయలుగా విడదీసి చూశాడు. కుక్క ఎవరిదని అడిగాడు. మాది అని ఇద్దరం ఒక్కసారే అన్నాం. ఏం పెడతారో నన్నడిగాడు, ఎట్లా కడుగుతారో ఆమెనడిగాడు. అంతా విని ఒకటే మాట —

"పైన కడుగుడెక్కువ, కింద పెట్టుడెక్కువ. నడుమ గిది పరేషాన్ అయితుంది."

మురికైతేనే స్నానం. పోసినరోజు మొదళ్లదాకా తుడిచి ఆరబెట్టాలి. రోజూ దువ్వాలి. వేపనూనె వద్దు, నాకుతుంది. ఉల్లిగడ్డ వేసిన కూర వద్దు. కోడి బొక్కలు అసలే వద్దు, చీలి పేగులో గుచ్చుకుంటాయట. పుండుకు మలాము ఇచ్చాడు.

వచ్చేటప్పుడు దారంతా కుక్క హాయిగా నిద్రపోయింది.

మే 20

బొక్కలు మానేశాను. డాక్టరు చెప్పాడని కాదు. బొంగరం కోసం. ఉడికించిన గుడ్డు, మెత్తని అన్నం.

మే 24

వైదేహి అనంతపురంలో అత్తగారికి ఫోన్ చేసిందట. కుక్కకు రోజూ స్నానమేమిటి, పాదాలు తుడిచి నాలుగు చుక్కలు పసుపునీళ్లు చల్లి రానివ్వమని ఆమె చెప్పిందట. ఆ పెద్దమనిషిని నేను చూడలేదు. తెలివైనది.

మే 30

పుండు మానింది. కొత్త బొచ్చు వస్తోంది — చేత్తో రాస్తే తెలుస్తుంది, నా కంటికి ఇంకా ఆనదు. సాయంత్రాలు వైదేహి దువ్వెన పట్టుకుని కిందికి వస్తోంది. ఆమె దువ్వుతుంది. నేను వేళ్లతో పిడుదులు వెతుకుతాను. దొరికింది పిడుదో, ఎండిన పొక్కో ఆమె చూసి చెబుతుంది. ఇల్లు మారే మాట ఎత్తదు. నేనూ ఎత్తను.

జూన్ 3

లారీ మాట్లాడారట. ప్రసాదు చెప్పాడు, హెల్మెట్ తీయకుండానే. బొంగరం అరుపుల్లో సగమే వినపడింది. ఆ సగం చాలు.

సాయంత్రం దువ్వుతున్నప్పుడు అడిగాను.

"మణికొండల పగటీలి దీని కాడ ఎవరుంటరు?"

"నీళ్లు, అన్నం పెట్టి తాళమేసి పోతాం అవ్వా."

"తాళం ఇంటికా, కుక్కకా?"

వైదేహి దువ్విన చోటే దువ్వుతోంది.

జూన్ 8

మృగశిర కార్తె. ఇంట్లో చేపలు. ముల్లు తీసి, ఉప్పూ కారం లేకుండా బొంగరానికి ఒక ముక్క. వాసన పైదాకా పోయే ఉంటుంది. ఈసారి వేడి చేస్తుందని పైనుంచి ఎవరూ అనలేదు.

జూన్ 12

రేపు సెక్రటరీ దగ్గర. రాసిందంతా సుజాత పైకి చదివింది, నేను విన్నాను. స్నానాల సంగతి చదువుతుంటే వైదేహి దువ్వెనతో గుమ్మంలో నిలబడి ఉంది. సుజాత ఆగింది. చదువు, అన్నాను. వైదేహి కింద కూర్చుని చివరిదాకా విన్నది. బొంగరం మా ఇద్దరి మధ్య తిరిగి, తిరిగి, పడుకున్నది.

నా మాట ఇది. రాత్రి వాళ్లది కావచ్చు, పగలు నాది. పగలు లేని ఇంటికి కుక్కను పంపను.

సాక్షులు ఇద్దరు కావాలి. నర్సింహ ఆటో కిరాయి దొరికి పోయాడు, ఇంకా రాలేదు. వైదేహి పెన్ను అడిగింది.

"గిది నీ మీదనే రాయించిన బిడ్డా. నువ్వెట్ల పెడ్తవు సంతకం?"

"అబద్ధం ఏమీ లేదు కదా అవ్వా."

పెట్టింది. పెట్టి, కింద ఇంకేదో రాసింది. అది కూడా చదవమన్నాను సుజాతను.

ఎల్లమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
సుజాత, కోడలు
వైదేహి, పై వాటా. స్నానాల సంగతి ఒప్పుకుంటున్నాను. కుక్క సంగతి ఒప్పుకోవడం లేదు.